పెట్టెలో మోటారు సైకిల్.. రంగు ముందు, అతుకు తర్వాత

వరస తప్పితే వేల రూపాయల బొమ్మ వృథా. థిన్నరు విషయంలో ఏమరుపాటు అసలే తగదు

పెట్టె మూతపై రేసు బాటలో ఒరిగి దూసుకుపోతున్న మోటారు సైకిల్ చిత్రం. మూత తెరిస్తే లోపల బండి ఉండదు. పలుచని చట్రాలకు కాయల్లా వేలాడుతున్న ప్లాస్టిక్ ముక్కలు, గుప్పెడు చిన్న మరలు, స్ప్రింగులు, నల్లని సన్న గొట్టం ముక్క, రెండు టైర్లు, స్టిక్కర్ల కాగితం, మడతలు పెట్టిన సూచనల పత్రం మాత్రమే ఉంటాయి. వేసవి సెలవుల్లో ఇది పిల్లవాడి చేతికి అందితే జరిగేది ఒకటే. ముక్కలన్నీ విరిచి, జిగురు రాసి, సాయంత్రానికల్లా బండిని నిలబెడతాడు. మరునాడు రంగు డబ్బా ముందేసుకుని కూర్చుంటాడు. అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. ఇంజను వెనక్కి కుంచె దూరదు. చక్రం ఊచల మధ్య రంగు ముద్దకడుతుంది. వెండి రంగు వేయవలసిన చోట నలుపు, నలుపు ఉండవలసిన చోట వెండి పడతాయి. బండి బల్ల కిందికి చేరుతుంది.

పిల్లవాడికి ఓపిక లేకపోవడం ఇందుకు కారణం కాదు. పని వరస తిరగబడడమే కారణం. ఈ బొమ్మల తయారీలో రంగు ముందు, అతుకు తర్వాత. ఈ ఒక్క సూత్రం తెలియక పాడైన బొమ్మలే ఎక్కువ.

దాచుకునే చోటు లేదు

నిజమైన వాహనాన్ని కొలతలు తప్పకుండా కుదించి చేసే బొమ్మను ‘స్కేల్ మోడల్’ అంటారు. మోటారు సైకిళ్లలో ఎక్కువ ప్రచారంలో ఉన్నది పన్నెండో వంతు కొలత. రెండు మీటర్ల పైచిలుకు పొడవుండే బండి ఇందులో సుమారు 17 సెంటీమీటర్లకు, అంటే జానెడు లోపుకు వస్తుంది. తొమ్మిదో వంతు, ఆరో వంతు కొలతల్లో పెద్ద బొమ్మలూ లభిస్తున్నాయి. మన ప్రాంతంలో వీటిని నగరాలలోని హాబీ దుకాణాల నుంచో, ఇంటర్నెట్ అంగళ్ల నుంచో తెప్పించుకోవాలి. దిగుమతి సరుకు కనుక ధర వేలలో ఉంటుంది. ఒక ముక్క కరిగినా, విరిగినా అదొక్కటే విడిగా కొనుక్కునే అవకాశం ఇక్కడ దాదాపు లేదు.

కారు బొమ్మతో పోలిస్తే మోటారు సైకిల్ ఎందుకు కష్టమన్నది మొదట గ్రహించాలి. కారుకు పైతొడుగు ఉంటుంది. దానికి ఒక్క రంగు నున్నగా వేస్తే లోపలి లోటుపాట్లు సగం కప్పబడిపోతాయి. మోటారు సైకిల్‌కు ఆ సౌకర్యం లేదు. ఇంజను, సైలెన్సరు, చైను, బ్రేకు పళ్లెం, హ్యాండిల్ తీగలు అన్నీ బయటికే కనిపిస్తాయి. పైగా ప్రతి భాగానిది వేరు పదార్థం. నిజమైన బండిలో ఇనుము, అల్యూమినియం, రబ్బరు, తోలు, ఫైబరు, గాజు పక్కపక్కనే ఉంటాయి. బొమ్మలో ఇవన్నీ ఒకే ప్లాస్టిక్. దేనికది వేరని కంటిని నమ్మించవలసిన భారమంతా రంగుదే.

కుదింపు లెక్క కూడా ఇక్కడ గుర్తుంచుకోదగినది. మిల్లీమీటరులో పదో వంతు మందాన రంగు పడితే చూడడానికి తక్కువే అనిపిస్తుంది. దాన్ని పన్నెండుతో హెచ్చవేస్తే 1.2 మిల్లీమీటర్లు అవుతుంది. నిజమైన బండికి అంత మందాన రంగు పూస్తే బోల్టుల పలకలు మునిగిపోతాయి. బొమ్మలోనూ జరిగేది అదే. పలుచని పూతలు నాలుగు వేయాలే కాని, చిక్కని పూత ఒకటి వేయరాదని ఈ విద్యలో చేయి తిరిగినవారు పట్టుబట్టేది ఇందుకే.

కలప ఊరి నుంచి, రేసు బాట నుంచి

ప్లాస్టిక్ నమూనాలకు పుట్టిల్లు కాకపోయినా రాజధాని అనదగిన ఊరు జపాన్‌లోని షిజువోకా. అక్కడ తరతరాలుగా వడ్రంగం, కలప పని సాగుతూ వచ్చాయి. 1946లో యోషియో తామియా అక్కడ స్థాపించిన సంస్థ మొదట అమ్మింది కలపనే. తర్వాత కొయ్యతో ఓడలు, విమానాల నమూనాలు చేయసాగింది. 1950లలో విదేశీ ప్లాస్టిక్ బొమ్మలు జపాన్‌కు రావడంతో కొయ్య బొమ్మలకు గిరాకీ పడిపోయింది. దాంతో ఆ సంస్థ కూడా ప్లాస్టిక్ వైపు మళ్లింది. దాని తొలి ప్లాస్టిక్ నమూనా ‘యమాటో’ అనే యుద్ధనౌక. ఆయన కుమారుడు షున్‌సాకు తామియా దశాబ్దాల పాటు సంస్థను నడిపి, 2025 జులైలో తన 90వ ఏట కన్నుమూశారు. ఈ రంగంలోని మరికొన్ని పేరున్న సంస్థలు కూడా ఆ ప్రాంతంలోనే ఉన్నాయి.

మోటారు సైకిల్ బొమ్మలకు సంబంధించి ఇటలీలో మరింత ఆసక్తికరమైన కథ ఉంది. టార్క్వీనియో ప్రొవీనీ అక్కడి పేరు మోసిన రేసు వీరుడు. 1957లో 125 సీసీ, 1958లో 250 సీసీ ప్రపంచ ఛాంపియన్. 1966లో బ్రిటన్ సమీపంలోని ఐల్ ఆఫ్ మ్యాన్ దీవి రేసులో తీవ్రంగా గాయపడి, బండి నడపడం మానుకోవలసి వచ్చింది. ఆ తర్వాత ఆయన తానెరిగిన యంత్రాలనే చిన్నవిగా చేసి అమ్మడం ప్రారంభించారు. తన ఇంటిపేరు, పేరులలోని తొలి అక్షరాలను కలిపి సంస్థకు ‘ప్రొటార్’ అని పేరు పెట్టారు. తొమ్మిదో వంతు కొలతలో ఆ సంస్థ చేసిన రేసు బండ్ల అచ్చులతో ఇటలీకే చెందిన మరో సంస్థ తర్వాతి కాలంలో బొమ్మలు పోసింది. తాను ఇక ఎక్కలేని బండ్లను బల్ల మీద నిలిపిన మనిషి పని అది.

కొండపల్లి వరసతో పోలిక

తెలుగు పాఠకులకు ఈ పనిలోని దశలు బొత్తిగా కొత్తవి కావు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను చెక్కి, అవయవాలను విడివిడిగా చేసి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఎగుడుదిగుడులను ఆ మక్కుతోనే సరిచేస్తారు. ఆపైన సున్నపు పూత వేసి, అది ఆరాక రంగులు అద్దుతారు. ప్లాస్టిక్ నమూనాలో మక్కు స్థానంలో పుట్టీ, సున్నపు పూత స్థానంలో ప్రైమరు వచ్చి చేరాయి. అంతే తేడా.

అయితే ఒక్క చోట దారి చీలుతుంది. కొండపల్లి బొమ్మకు అన్ని పక్కలా కుంచె అందుతుంది కనుక అతికిన తర్వాత రంగు వేయవచ్చు. మోటారు సైకిల్‌కు అందదు. కనుక సూచనల పత్రాన్ని చేతిలోకి తీసుకున్న మొదటి రోజు జిగురు జోలికి పోకుండా, ఏ ముక్కలు కలిసి ఒకే రంగులో ఉంటాయో గుర్తించి పెట్టుకోవాలి. ట్యాంకు రెండు సగాలు, సైలెన్సరు రెండు సగాలు, ఇంజను డబ్బా రెండు పక్కలు వంటివి ముందుగా అతకవచ్చు, అతకాలి కూడా. వాటి మధ్య గీత కనిపించకుండా పుట్టీ పెట్టి అరగదీసి, అప్పుడు రంగు వేయాలి. వేరు వేరు రంగుల ముక్కలను మాత్రం విడిగానే రంగు వేసి, ఆరిన తర్వాతే ఒకచోటికి చేర్చాలి.

కోత, కడుగుడు, అరగదీత

ముక్కలను చట్రం నుంచి చేత్తో విరవడం మొదటి తప్పు. విరిచిన చోట ప్లాస్టిక్ చీలి, ముక్కలోకి గుంట పడుతుంది. సన్న మూతి కట్టరుతో ముక్కకు కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన మొటికను పదునైన బ్లేడుతో రెండు మూడు తడవలుగా చెక్కాలి. ఆపై 400, 600, 800 నంబర్ల వాటర్ పేపరుతో వరుసగా తడిపి రుద్దాలి. తడిపి రుద్దితే పొడి గాలిలోకి లేవదు.

అచ్చు రెండు సగాలు కలిసిన చోట ప్రతి ముక్క మీదా వెంట్రుక వంటి గీత ఉంటుంది. గొట్టాల మీద, హ్యాండిల్ మీద, టైరు నడుమ అది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చాలామంది దీన్ని పట్టించుకోరు. రంగు కప్పేస్తుందని వారి ధీమా. నిజానికి మెరుపు రంగు ఆ గీతను కప్పదు, ఎత్తి చూపుతుంది. టైరు నడుమ గీతను ఉప్పుకాగితంతో అరగదీస్తే రోడ్డు మీద నాలుగు వందల కిలోమీటర్లు తిరిగిన టైరులా కనిపిస్తుంది. కొత్త నిగనిగ కన్నా అదే సహజం.

అచ్చు నుంచి సులువుగా ఊడి రావడానికి కర్మాగారంలో పూసే జిడ్డు ముక్కల మీద మిగిలి ఉండవచ్చు. గిన్నెలు తోమే ద్రవ సబ్బు రెండు చుక్కలు గోరువెచ్చని నీటిలో వేసి, చట్రాలను పాత టూత్ బ్రష్షుతో కడిగి ఆరబెడితే సరిపోతుంది. మెకానిక్ షెడ్డులో అలవాటైన పద్ధతిలో పెట్రోలుతో తుడవడం మాత్రం కూడదు. ఈ బొమ్మల ప్లాస్టిక్ పాలీస్టైరీన్. పెట్రోలు దాన్ని దెబ్బతీస్తుంది.

జిగురు అతకదు, కరిగిస్తుంది

ఈ బొమ్మలకు వాడే పలుచని ద్రవాన్ని జిగురని పిలుస్తున్నా, పని తీరులో అది జిగురు కాదు. రెండు ముక్కల అంచులను కాస్త కరిగించి, ఒకదానిలో ఒకటి కలిసిపోయేలా చేసి, తాను ఆవిరైపోతుంది. ఇనుప పనివారి వెల్డింగును పోలిన పని. అందుకే మధ్యలో రంగు పొర ఉంటే అతుకు నిలవదు. రంగు వేయడానికి ముందే అతుకు పడే చోట సన్న కాగితపు టేపు అంటించి ఉంచాలి. లేదా తర్వాత ఆ మేరకు రంగు గీకివేయాలి. క్రోమ్ మెరుపుతో వచ్చే ముక్కలకూ ఇదే వర్తిస్తుంది. ఆ మెరుపు పలుచని లోహపు పొర. దాన్ని గీకకుండా అతికితే చెయ్యి తగలగానే ఊడి వస్తుంది.

ఇంట్లో ఉండే ఫెవిక్విక్ వంటి జిగుర్లు లోహపు ముక్కలకు పనికి వస్తాయి. గాలి అద్దం, హెడ్‌లైటు అద్దం వంటి పారదర్శక ముక్కల దగ్గర మాత్రం వాటిని వాడరాదు. వాటి నుంచి వెలువడే ఆవిరి అద్దం మీద తెల్లని పొగలా పేరుకుపోతుంది. అటువంటి చోట వడ్రంగులు వాడే తెల్ల ఫెవికాల్ చుక్క చాలు. ఆరితే పారదర్శకంగా మారుతుంది. తప్పు జరిగితే తడి గుడ్డతో తుడిచేయవచ్చు.

థిన్నరు తెచ్చే తంటా

ఎక్కువ బొమ్మలు బలయ్యేది ఈ దశలోనే. నమూనాల రంగులు ప్రధానంగా మూడు రకాలు. నీటితో గాని, తమ సొంత థిన్నరుతో గాని పలుచన చేసే అక్రిలిక్. నెమ్మదిగా ఆరే ఎనామిల్. త్వరగా ఆరి గట్టి పొరగా నిలిచే లాకరు. ఈ మూడింటి థిన్నర్లు ఒకటి కాదు. ఒకదాని స్థానంలో మరొకటి వాడితే రంగు పెరుగులా విరిగిపోవచ్చు.

ఇక్కడ మన జిల్లాలలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. బొమ్మ కొరియరులో వస్తుంది. స్ప్రే డబ్బాలు మండే సరుకు కావడంతో విమానంలో పంపడానికి ఆంక్షలు ఉన్నాయి. పెట్టె చేతికి వచ్చి, రంగు రాకపోయేసరికి చాలామంది పక్క వీధిలోని బండ్ల పెయింటరును ఆశ్రయిస్తారు. అక్కడ దొరికేది ఎన్.సి. పెయింటు, ఎన్.సి. థిన్నరు. రేకు మీద అవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. పాలీస్టైరీన్ మీద తడిగా పడితే ఉపరితలం కరిగి ముడతలు పడుతుంది. తప్పు దిద్దుదామని అదే థిన్నరులో గుడ్డ ముంచి తుడిస్తే ట్యాంకు మీది వంపు, గీతలు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. గోళ్ల రంగు తుడిచే ద్రవంలోని అసిటోన్‌తోనూ ఇదే ప్రమాదం. కొత్త రంగు ఏదైనా ముందుగా చట్రం కాడ మీద వేసి, ఒక రాత్రి ఆగి చూడాలి. కాడ కూడా ముక్కల ప్లాస్టిక్కే కనుక ఫలితం నూటికి నూరుపాళ్లు తెలిసిపోతుంది. పైసా ఖర్చు లేని ఈ పరీక్షను దాటవేయడం దేనికో అర్థం కాదు.

పొరల వరసలోనూ ఒక నియమం ఉంది. లాకరు మీద ఎనామిల్ వేయవచ్చు. ఎనామిల్ మీద లాకరు వేస్తే కిందిది ముడుచుకుపోతుంది. బలమైన ద్రావకం గలది అడుగున, బలహీనమైనది పైన అని గుర్తుంచుకుంటే చాలు.

కుంచెతో వేసేటప్పుడు ఆరిపోతున్న రంగు మీద మళ్లీ కుంచె తిప్పరాదు. ఎయిర్ బ్రష్ ఉన్నవారు రంగును పాల చిక్కదనానికి పలుచన చేసుకోవాలి. స్ప్రే డబ్బా వాడేవారు 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరాన పట్టుకుని, ముక్కకు ఇవతల మొదలుపెట్టి అవతల ఆపాలి. ముక్క మీదే నొక్కి, ముక్క మీదే వదిలితే అక్కడ బొట్టు కారుతుంది. మొదటి పూత మంచు పడినట్టు, రెండోది కాస్త నిండుగా, మూడోది తడి మెరుపు వచ్చేలా వేస్తారు. పట్టుకోవడానికి ఊదుబత్తి పుల్లకు బట్టల క్లిప్పు కట్టి, దానికి ముక్కను తగిలిస్తే చేతి వేళ్ల జిడ్డు అంటదు. పుల్లలన్నిటినీ ఇసుక పోసిన డబ్బాలో గుచ్చి ఆరనివ్వవచ్చు.

వానాకాలపు తెల్ల మబ్బు

కోస్తా జిల్లాల వారు ఎదుర్కొనే మరో సమస్య తేమ. నల్లని ట్యాంకు మీద లాకరు కొట్టిన రెండు నిమిషాలకు పాలు చల్లినట్టు తెల్లని పొర వస్తే రంగు కల్తీదని నిందిస్తారు. నిజానికి ద్రావకం చప్పున ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. చల్లబడిన చోట గాలిలోని తేమ చెమటలా పేరుకుని రంగు పొరలో చిక్కుకుంటుంది. కుండలో నీరు చల్లబడడానికీ, చల్లని గ్లాసు బయట చెమట పట్టడానికీ కారణమైన సూత్రాలే ఇక్కడ కలిసి పనిచేస్తున్నాయి.

గాలిలో తేమ 70 శాతం దాటిన రోజున మెరుపు రంగుల జోలికి పోకపోవడమే ఉత్తమం. వాన పడుతున్న సాయంత్రం కన్నా ఎండ కాచే మధ్యాహ్నం మేలు. ఆరడాన్ని మందగింపజేసే ‘రిటార్డరు’ థిన్నరు కొంత సాయపడుతుంది. పొర తెల్లబడినా కంగారు పడనక్కరలేదు. పొడి రోజున దాని మీదే రిటార్డరు కలిపిన పూతను పలుచగా వేస్తే చాలా సార్లు మబ్బు విడిపోతుంది. రాయలసీమ, తెలంగాణ ఎండలలో ఇందుకు భిన్నమైన ఇబ్బంది ఎదురవుతుంది. రంగు ముక్కను చేరేలోపే గాలిలో ఆరి, ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. అప్పుడు దూరం తగ్గించి, ఉదయం పూట పని చేసుకోవాలి.

మూసిన గదిలో వద్దు

రంగు వాసన తలనొప్పి తెప్పిస్తే ‘కొత్త కదా, అలవాటవుతుంది’ అనుకోవడం ప్రమాదకరం. లాకరు థిన్నర్లలో టోలుయీన్, జైలీన్ వంటి ద్రావకాలు ఉండవచ్చు. వాటి ఆవిరి తలతిప్పు, వికారం కలిగిస్తుంది. పదేపదే పీల్చితే నాడీ వ్యవస్థకు హాని చేస్తుంది. ముక్కుకు కట్టిన చేతిరుమాలు గాని, కరోనా కాలంలో అలవాటైన మాస్కు గాని తుంపరలను కొంత ఆపుతుందే తప్ప ఈ ఆవిరిని ఆపలేదు. బొగ్గు డబ్బీలు బిగించిన రెస్పిరేటరు మాస్కు మాత్రమే ఆ పని చేస్తుంది. అది లేనివారు, పిల్లలతో పని చేయించేవారు అక్రిలిక్ రంగులకు పరిమితం కావడం శ్రేయస్కరం. గర్భిణులు ఉన్న ఇంట లాకరు స్ప్రే వాడకూడదు.

మరో ముప్పు నిప్పు. స్ప్రే డబ్బాలోని వాయువు, థిన్నరు ఆవిరి రెండూ మండే గుణం గలవే. వంటగది పక్కన, పూజగదిలో దీపం వెలుగుతుండగా, ఊదుబత్తి అంటించి ఉండగా స్ప్రే చేయరాదు. డాబా మీద గాలివాలు చూసుకుని చేయడం మంచిది. చల్లని రోజున డబ్బాను గోరువెచ్చని నీటిలో కొద్దిసేపు ఉంచవచ్చు. పొయ్యి మీద, ఎండలో పెట్టి వేడి చేయడం పేలుడుకు దారి తీస్తుంది.

ఇంజనుకు ప్రాణం

పని అందం తెలిసేది ఇంజను దగ్గర. ఉదాహరణకు హోండా ఆర్‌సీ166 రేసు బండి. 250 సీసీ ఇంజనులో ఆరు సిలిండర్లు, నిమిషానికి 18,000 చుట్లు తిరిగే యంత్రం. మైక్ హెయిల్‌వుడ్ దీనిపైనే 1966, 1967 సంవత్సరాలలో ప్రపంచ టైటిళ్లు గెలిచారు. తామియా సంస్థ దీన్ని పన్నెండో వంతులో తయారు చేసింది. దీని అందమంతా ఆరు పొగ గొట్టాలలో, ఇంజను రేకులలో ఉంది. అంతటా ఒకే వెండి రంగు పూస్తే పెళ్లి పందిరిలో జరీ కాగితంలా ఉంటుందే కాని లోహంలా అనిపించదు.

ఒకే వెండిని మూడు రకాలుగా చూపడమే కిటుకు. పోత పోసిన ఇంజను డబ్బాకు మెరుపు లేని అల్యూమినియం రంగు, మూతలకు కాస్త ముదురు బూడిద వెండి, మరలకు, గొట్టాలకు మెరుపు వెండి వేస్తారు. మెరుపు వెండికి అడుగున నిగనిగలాడే నలుపు పూసి, బాగా ఆరాక పైన పలుచగా వెండి కొడితే లోతు వస్తుంది. ఆ తర్వాత నల్ల ఎనామిల్ రంగును నీళ్లలా పలుచన చేసి ఇంజను రేకుల మధ్యకు వదిలితే, అది సందుల్లోకి పాకి నీడలా నిలుస్తుంది. పైన మిగిలినదాన్ని ఎనామిల్ థిన్నరు తడిపిన దూది పుల్లతో తుడిచేయవచ్చు. అడుగున అక్రిలిక్ గాని, లాకరు గాని ఉంటే దానికి ఏమీ కాదు. ఎనామిల్ థిన్నరును మాత్రం ధారాళంగా పోయరాదు. మరలు బిగించిన చోట, ఒత్తిడి పడే కడ్డీల వద్ద అది ప్లాస్టిక్‌లోకి ఇంకి పగుళ్లు తెప్పిస్తుంది.

వేడికి రంగు మారిన పొగ గొట్టాన్ని చూపించడంలో చాలామంది పొరపడతారు. ఇంజనుకు దగ్గరగా పసుపు, దూరంగా నీలం వేస్తారు. లోహం వేడెక్కే కొద్దీ మొదట గడ్డి పసుపు, తర్వాత ఊదా, ఇంకా వేడికి నీలం తేలుతాయి. కనుక ఎక్కువ వేడి తగిలే ఇంజను పక్కన నీలం, ఆపై ఊదా, చివరికి పసుపు రావాలి. సందేహం ఉంటే ఏ మెకానిక్ షెడ్డు ముందైనా నిలబడి, చాలా కాలం తిరిగిన బండి సైలెన్సరు మొదలును చూస్తే తెలుస్తుంది.

టైర్లకు కటిక నలుపు వేయకుండా ముదురు బూడిద వేయడం కూడా ఇటువంటి పరిశీలనే. చిన్న వస్తువు మీద నలుపు మరీ నల్లగా కనిపించి బొమ్మతనాన్ని పెంచుతుంది.

నీటి స్టిక్కర్లు

సంస్థల గుర్తులు, పోటీ నంబర్లు నీటిలో నాని ఊడి వచ్చే పలుచని పొరలుగా ఉంటాయి. కత్తిరించిన ముక్కను గోరువెచ్చని నీటిలో పది ఇరవై సెకన్లు ముంచి, తీసి, ఒక నిమిషం ఆగాలి. గుర్తు కదలసాగినప్పుడు కాగితాన్ని ముక్క మీద ఆనించి, గుర్తును తడి కుంచెతో జార్చాలి. అడుగున మెరుపు పూత తప్పనిసరి. గరుకు రంగు మీద అంటిస్తే సందుల్లో గాలి చిక్కి, గుర్తు చుట్టూ వెండి మరక తేలుతుంది. ట్యాంకు, ముందు తొడుగుల వంపుల మీద కూర్చోబెట్టడానికి పొరను మెత్తబరిచే ద్రవాలు దొరుకుతాయి. ఆ ద్రవం తగిలిన వెంటనే స్టిక్కరు ముడతలు పడి గుండె ఝల్లుమంటుంది. దాన్ని ముట్టుకోకూడదు. ఆరుతూ దానంతటదే వంపును పట్టుకుంటుంది.

పాత రేసు బండ్ల పెట్టెల్లో పొగాకు సంస్థల గుర్తులు తరచుగా రావు. మూత మీది చిత్రంలోనూ ఆ చోటు ఖాళీగా కనిపిస్తే అది ముద్రణ లోపం కాదు.

స్టిక్కర్లు ఒకటి రెండు రోజులు ఆరాక పైన పారదర్శకమైన మెరుపు పూత వేస్తారు. మొదటి రెండు తడవలు మంచు పొరలా తేలికగా వేయాలి. ఒక్కసారే తడిగా లాకరు కొడితే స్టిక్కరు కరిగి ముడుచుకుంటుంది. వారం రోజులు ఆగి 2000 నంబరు వాటర్ పేపరుతో తడిగా తేలికగా రుద్ది, పాలిష్ పట్టిస్తే నిజమైన ట్యాంకు మెరుపు వస్తుంది. అంచుల మీద రుద్దరాదు. రంగు అక్కడే మొదట పోతుంది.

చివరి కూర్పు

అన్ని ముక్కలకూ రంగు ఆరాక కూర్పు పని రెండు మూడు సాయంత్రాలకు మించదు. ఇంజనును ఫ్రేములో కూర్చడం, వెనక చక్రం, చైను, ముందు ఫోర్కు, హ్యాండిల్ ఆ వరసలో వస్తాయి. మరలను మొదటిసారే గట్టిగా బిగించకూడదు. అన్నీ పట్టించి, బండి రెండు చక్రాల మీద నిటారుగా ఉన్నదీ లేనిదీ చూసి అప్పుడు బిగించాలి. బ్రేకు, క్లచ్ తీగల గొట్టాలను పత్రంలో చూపిన కొలతకు రెండు మిల్లీమీటర్లు పొడవుగానే కోసుకోవాలి. పొడవైనదాన్ని కుదించవచ్చు, కురచదాన్ని పెంచలేరు. బిగదీసిన తీగ కన్నా కాస్త వేలాడే తీగే సహజంగా ఉంటుంది.

అద్దాలు, బ్రేకు పిడి, సూచిక దీపాలు అన్నిటికన్నా చివర. ముందే పెడితే చెయ్యి తగిలి విరిగేవి అవే. పూర్తయిన బండిని ఎండ పడే కిటికీ మీద, కారు అద్దం కింద ఉంచరాదు. ఆ వేడికి సన్నని ముక్కలు వంగుతాయి. దుమ్ము పట్టకుండా గాజు పెట్టెలో ఉంచి, ఎప్పుడైనా తుడవవలసి వస్తే మెత్తని మేకప్ కుంచె వాడాలి. బట్టతో తుడిస్తే మొదట ఊడి వచ్చేది ఎడమ అద్దమో, కుడి అద్దమో అయి ఉంటుంది.